మూతిపువ్వుకు చెప్పిన కబుర్లు

నా కూతురు కాంచన కనిపెట్టిన డోలీమందు గురించి పేపర్లలో చాలా రాశారు. ఒకరు మూలిక అన్నారు, ఇంకొకరు అద్భుతం అన్నారు. ఒక టీవీ పిల్ల అయితే నా మెడలో పూసలదండ వేయించి, వెనక కొండ కనబడేలా నిలబెట్టి, "ఆదివాసీల రహస్యం" అంది. రహస్యం ఏమిటి, నా మొహం! మా లింబగుడలో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఇన్నాళ్లూ అడిగినవాళ్లు లేరు, అంతే. అందుకే నేనే రాస్తున్నాను. నా పేరు వంతల దేవులమ్మ. పదో తరగతి ప్యాసయ్యాను. కొండమొక్కల పరిశోధన కేంద్రంలో పద్దెనిమిదేళ్లుగా సహాయకురాలిని. జీపు దిగి వచ్చిన పెద్ద పెద్ద సార్లకు ఏ మొక్క ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది నేనే. కాబట్టి నా మాట కాస్త పెళుసుగా ఉంటే సర్దుకోండి.

ముందు పువ్వు సంగతి చెప్పాలి. మా సిరాగుడ కొండ నెత్తిన, కాఫీతోటలు ఆగిపోయిన చోటునుంచి పైకి, రాళ్ల సందుల్లో పూస్తుంది. జానెడు మొక్క. ముదురు నీలం పువ్వు, సన్నటి గొట్టంలా ఉంటుంది. వేలితో తాకితే చాలు, పది లెక్కపెట్టేలోపు రేకులన్నీ దగ్గరకు లాక్కుని మూతి బిగించేస్తుంది. అందుకే మూతిపువ్వు అంటాం. అది జెన్షియన్ కుటుంబమని సార్లు చెప్పారు. వాళ్ల లెక్కలో ఏ కుటుంబమైనా కానీ, మాకు మాత్రం ఇంటి ఆడపడుచే. ఆకు నమిలితే ఆ చేదు మూడు రోజులు నోరు వదలదు. చలి ముదిరేసరికి పైమొక్కంతా ఎండి మాయమవుతుంది, నేల లోపల బొటనవేలంత దుంప మాత్రం బతికే ఉంటుంది. తొలకరికి మళ్లీ లేస్తుంది. మా అమ్మ నాకు చూపించిన దుంప ఒకటి వయసులో నాకన్నా పెద్దది. ఇప్పటికీ పూస్తోంది.

మార్గశిరంలో మా ఊరి ఆడవాళ్లం కొండెక్కి మూతిపువ్వును పడుకోబెడతాం. ఎండిన కాడ మీద ఒక పలకరాయి పెడతాం. రాయి పెట్టే ముందు ఒంగి, ఆ ఏడు ఊళ్లో జరిగిందంతా దానికి చెబుతాం. ఎవరికి పిల్ల పుట్టింది, ఎవరు పోయారు, ఎవరి ఆవు ఈనింది, ఎవరు ఎవరితో మాటలు మానేశారు, అన్నీ. ఆరు నెలలు పడుకుని లేచేవాళ్లకు ఊరి సంగతులు తెలియకపోతే బెంగ పడతారని మా పెద్దవాళ్ల మాట. నవ్వుకుంటే నవ్వుకోండి. నా కూతురూ నవ్వింది.

కాంచనకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్నను పాము కరిచింది. అప్పటికి మాకు రోడ్డు లేదు. దుంగకు దుప్పటి కట్టి, పన్నెండు మైళ్ల దూరంలోని ఆసుపత్రికి డోలీలో మోశారు. పెద్దగెడ్డ వాగు దాటుతుండగా ప్రాణం పోయింది. ఆసుపత్రి అక్కడికి ఇంకో రెండు గంటల నడక. ఆ పిల్ల ఏడవలేదు. మర్నాడు నన్ను ఒకటే అడిగింది. "అమ్మా, మూతిపువ్వుని పడుకోబెడతాం కదా, నాన్నని రెండు గంటలు అలాగ పడుకోబెట్టలేమా?"

ఆ ప్రశ్న పట్టుకునే అది విశాఖపట్నంలో చదివింది, డాక్టరేటు తెచ్చుకుంది, మా కేంద్రానికే సైంటిస్టుగా వచ్చింది. నేను రోజూ ఊడ్చే గదిలోకి తెల్లకోటు వేసుకుని వచ్చిన ఆ ఉదయం, చీపురు పక్కన పడేసి తలుపు తీసి పట్టుకున్నాను.

"ఏటమ్మా ఇది, అందరూ సూస్తన్నారు, సిగ్గేస్తంది," అంది.

"సిగ్గు నీది. నాకు మాత్రం గొప్పగా ఉంది. నడు లోపలికి," అన్నాను.

దాని ఆలోచన నాకు అర్థమైనంతవరకు చెబుతాను. చేదు నాలుకకొక్కదానికే తెలుస్తుందనుకుంటాం. కాదట. గుండెకు, పేగుకు, ఊపిరితిత్తికి కూడా చేదు తెలుస్తుందట. మూతిపువ్వు దుంపలో ఉన్న చేదు ఒంట్లోకి వెళితే, ఒక్కొక్క కణమూ పువ్వులాగే మూతి బిగించుకుని, పని తగ్గించి, ఊరుకుంటుంది. మనిషి చావడు, నిద్రలోకి జారతాడు. రక్తం మెల్లగా నడుస్తుంది, విషం ఉన్నచోటే ఆగుతుంది. డోలీ ఆసుపత్రికి చేరేదాకా ఆగితే చాలు.

చెప్పడానికి బాగానే ఉంది. కొండ మీద ఉన్న మొక్కలు రెండు వందలు కూడా లేవు. వాటిని తవ్వితే ఒక్క ఏడాదితో అయిపోతుంది. అందుకని కుండీల్లో పెంచారు. కుండీ మొక్కలు ఏపుగా వచ్చాయి, పువ్వులూ పెద్దవే, దుంపలో చేదు మాత్రం లేదు. ఒకటి కాదు, రెండు కాదు, మూడేళ్లు! మా డైరెక్టరు తారకనాథ్ గారు మంచివారే, కానీ ఆయన ఓపికా అయిపోయింది. రెండేళ్ల కిందటి పుష్యమాసంలో మీటింగు పెట్టి, ఈ పని ఆపేద్దామన్నారు. ఎరువు మార్చి చూద్దామని ఒకరు, వెలుతురు తగ్గిద్దామని ఇంకొకరు. నేను టీ గ్లాసులు పెడుతూ ఉండబట్టలేక అడిగేశాను.

"రాయి పెట్టినారా సార్?"

"ఏ రాయి?" అన్నారాయన.

కాంచన తల దించుకుంది. అప్పుడు తెలిసింది నాకు. నడక వచ్చినప్పటినుంచి నాతో కొండెక్కి తన చేత్తో రాళ్లు పెట్టిన పిల్ల, ఇంత చదివాక కూడా కొండబుద్ధి పోలేదంటారని మూడేళ్లూ నోరు విప్పలేదు! ఒళ్లు మండిపోయింది నాకు. అంతమంది ముందు ఏమీ అనలేదు. బయటికొచ్చాక మాత్రం తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. అది తిట్లన్నీ విని, "కొండెక్కి రాళ్లు తేవే అమ్మా," అంది, కళ్లు తుడుచుకుంటూ.

కుండీకో పలకరాయి పెట్టాం. నలభై రోజులకు దుంపల్లో చేదు పుట్టింది. మీద బరువు, రాతి చలువ తగిలితేనే ఇక పడుకోవాలని దుంపకు తెలుస్తుందట. ఆ రోజు మా అల్లుడు బలరాం తను పనిచేసే ఆశ్రమ పాఠశాలలో పిల్లలందరికీ బెల్లం పంచాడు.

కాంచన పని ఎలా చేయాలో తన నోటుపుస్తకంలో వరసగా రాసుకుంది. రాయి ఎంత బరువుండాలి, ఎన్నాళ్లుంచాలి, అలా ఆరు అంశాలు. "ఏడోది రాయవేటి? కబుర్లు సెప్పాల," అన్నాను. నన్ను ఏడిపించడానికి రాసింది. రాసి, నా కళ్లముందే అడ్డంగా గీత కొట్టి, పక్కన 'అనవసరం' అని పెట్టింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు నేను.

వానాకాలంలో మేకల మీద మందు చూశారు. మొదటిది గంగి. సూది వేసిన కాసేపటికి కాళ్లు ముడుచుకుని పడుకుంది. గుండె నిమిషానికి ఎనిమిదిసార్లే కొట్టుకుంది. పన్నెండు గంటల తర్వాత లేచి, ఒళ్లు దులుపుకుని, నా చేతిలో ఆకు తింది. అందరం చప్పట్లు కొట్టాం. మర్నాడు గంగి కనబడలేదు. వెతికితే మూడు మైళ్ల అవతల, మేం కొనకముందు అది ఉన్న పాత యజమాని పాకలో నిలబడి అరుస్తోంది. కట్టి తెచ్చాం. మళ్లీ అక్కడికే పోయింది. మా పాకకు వచ్చి పది నెలలైంది, అదేదీ దానికి తెలియదు. రెండో మేకా అంతే.

కాంచన చాలా రోజులు సరిగ్గా తినలేదు. చివరికి చెప్పింది. మూతిపువ్వు పడుకున్నప్పుడు ఆ ఏడు పెరిగిన కొమ్మంతా ఎండిపోతుంది, పాత దుంపే మిగులుతుంది. మందు వేస్తే బుర్రలోనూ అంతే. ఏడాది లోపు వేసిన కొత్త చివుళ్లు ఎండిపోతాయి. ప్రాణం దక్కుతుంది, ఒక ఏడాది పోతుంది.

మూడో మేక బొల్లి. మేం కొని నాలుగు నెలలే అయింది. అది పడుకున్న పన్నెండు గంటలూ నేనే కాపలా. ఊరకే కూర్చోలేక, అలవాటు కొద్దీ, మా పాకకు వచ్చిన రోజునుంచి జరిగిన కబుర్లన్నీ దానికి చెప్పాను. లేచాక బొల్లి ఎక్కడికీ పోలేదు. నేను పిలిస్తే నా దగ్గరికే వచ్చింది.

"సూసినావా? ఇప్పుడు రాయవే ఏడోది," అన్నాను.

"ఒక్క మేకతో ఏటీ తేలదమ్మా. దీన్ని సైన్సు అనరు," అంది. అప్పటికి కాంచనకు ఆరో నెల. కడుపు మీద పుస్తకం పెట్టుకుని రాసుకుంటోంది.

మార్గశిరం వచ్చింది. కాన్పుకు ఇంకా మూడు వారాలుందని డాక్టరమ్మ చెప్పింది. సెలవు పెట్టి ఆసుపత్రి ఊళ్లో ఉంటున్న కాంచన, కొండ మీద రాళ్లు పెట్టే రోజు తనూ చూడాలని లింబగుడ వచ్చింది. సరిగ్గా అప్పుడే తుపాను పట్టుకుంది. రెండు రోజులు కుంభవృష్టి. ఫోను టవరు పడిపోయింది, తర్వాతెప్పుడో వేసిన మట్టిరోడ్డు జారిపోయింది. మూడో రోజు తెల్లారేసరికి కాంచనకు నొప్పులు, కాసేపటికే ఆడపిల్ల. పిల్ల బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు.

ఊరి ఆశా కార్యకర్తకు తెలిసినదంతా చేసింది. మాత్రలు వేసింది, కడుపు నొక్కింది, చివరికి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆసుపత్రి పన్నెండు మైళ్లు, అదే దారి, అదే పెద్దగెడ్డ.

"అమ్మా," అంది కాంచన. పెదవులు తెల్లగా పాలిపోయాయి. "కేంద్రంలో, సల్లపెట్టిలో, ఒక సీసా ఉంది. తాళం నీ కాడే కదా?"

కేంద్రం మా ఊరికి ఒక పొలం అవతలే. తాళం నా కొంగునే ఉంది. అయినా కాలు కదలలేదు నాకు. మనిషికి ఇంతవరకు వేయని మందు. అనుమతి కాగితాలు ఇంకా రానేలేదు.

"బిడ్డని మర్సిపోతావే," అన్నాను. "ఇప్పుడే కన్నావు. ఇంకా సరిగ్గా సూడనైనా సూడలేదు. నీ మందు కూడా మర్సిపోతావు. నువ్వే కనిపెట్టినావని నీకే తెలవదు."

అది బిడ్డ వైపు తల తిప్పింది. చాలాసేపు చూసింది. "బతికుంటే మళ్లీ తెలుసుకుంటాను. పుస్తకం జాగర్త. ఎల్లవే అమ్మా, ఏల నిలబడతావు!"

పరుగెత్తాను. ఈ వయసులో ఆ బురదలో అలా పరుగెత్తగలనని నాకే తెలియదు. సూది నేనే వేశాను. మూడు మేకలకు వేసిన చేయి కదా అని నన్ను నేను బుకాయించుకున్నాను. చూస్తుండగానే దాని ముఖంలో నొప్పి పోయింది. గుండె నెమ్మదించింది. రక్తం కారడం తగ్గి, చుక్కలుగా మారి, దాదాపు ఆగిపోయింది.

ఎనిమిది మంది డోలీ ఎత్తారు. ముందు కొసన గెమ్మెలి సోంబ్రా మావ. డెబ్బై దాటిన మనిషి, కాంచన నాన్నను మోసిన వాళ్లలో మిగిలింది ఆయనొక్కడే. వద్దన్నా వినలేదు. "ఒకసారి ఓడిపోనాను. ఈసారి నా బుజమే ముందుంతాది," అన్నాడు. బలరాం బిడ్డను గుండెలకు కట్టుకున్నాడు. పాలిచ్చే తల్లి ఒకామె కూడా బయల్దేరింది.

నేను డోలీ పక్కన, దాని చెవి దగ్గర నడిచాను. మొదలుపెట్టాను. పుష్యమాసం మీటింగు నుంచి. "నువ్వు నోరు మూసుకు కూసున్నావు, రాయి సంగతి సెప్పింది నేను. నలబై రోజులకి సేదు పుట్టింది. నువ్వు ఎగిరి గెంతినావు." గంగి సంగతి చెప్పాను, బొల్లి సంగతి చెప్పాను. నెల తప్పిందని తెలిసిన రోజు ఏ చీర కట్టుకుందో చెప్పాను. పులుపు కావాలని పచ్చి చింతకాయలు తిని కడుపునొప్పి తెచ్చుకోవడం, నేను తిట్టడం, అన్నీ చెప్పాను. మొదట్లో మోసేవాళ్లు ఊరుకున్నారు. తర్వాత వాళ్లూ అందుకున్నారు. ఒకడు తన పెళ్లి సంగతి, ఇంకొకడు తన కాఫీ పంట సంగతి. బలరాం బిడ్డ తలమీద గుడ్డ సర్దుకుంటూ వెనకబడిపోతే, "సెప్పు బావూ, నీ పెళ్లానికి నువ్వు కాకపోతే ఎవులు సెప్తారు," అని కసిరాను. అప్పుడు చెప్పాడు. ఏం చెప్పాడో అది వాళ్లిద్దరి మాట, ఇక్కడ రాయను.

పెద్దగెడ్డ ముందు బురదలో సోంబ్రా మావ జారి మోకాలు రాతికి కొట్టుకున్నాడు. డోలీ మాత్రం ఒరగనివ్వలేదు. "ఓలమ్మో, సూసి అడుగెయ్యలేవా ముసిలోడా!" అని అరిచాను. ఆయన నవ్వాడు, కాలు రక్తం కారుతుంటే. నీళ్లు నడుం దాకా ఉన్నాయి. అందరూ డోలీని తలల మీదికి ఎత్తారు. అవతల గట్టుకు చేరాక మావ కూలబడి ఏడ్చాడు. తర్వాత బిడ్డను చూసి అడిగాడు.

"దీనికి పేరేటి?"

"ఇంకా అనుకోలేదు మావా."

"మా అమ్మ పేరెట్టండి. సింగారి. నేను కడుపులో ఉండగా ఈ గెడ్డ ఒక్కర్తీ ఈదినాది." ఆయన తల్లి ఎప్పుడో, నేను పుట్టకముందే పోయింది. ఆ పేరు మాలో ఎవరికీ తెలియదు. నేను కాంచన చెవిలో చెప్పాను. "నీ కూతురు సింగారి. ఇనిపించిందా? సింగారి."

పొద్దు వాలకముందే ఆసుపత్రి చేరాం. డాక్టర్లు నాడి పట్టుకుని ముందు మనిషి లేదనుకున్నారు. నేను అరిచిన అరుపుకు మళ్లీ చూశారు. రక్తం ఎక్కించారు, ఆపరేషన్ చేశారు, బతికించారు.

మర్నాడు ఉదయం కాంచన కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది, బలరాంను గుర్తుపట్టింది. తర్వాత కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "కుండీల్లో ఈసారీ సేదు రాలేదమ్మా. మూడేళ్లూ వృథా. పని ఆపేస్తారు," అంది.

పోయిన ఏడు మార్గశిరంలో ఉంది నా పిల్ల!

ఏడుపూ వచ్చింది, అంతకు మించి గర్వమూ వచ్చింది. దాని రెండు చేతులూ పట్టుకుని, వార్డంతా వినబడేలా చెప్పాను. "ఎవులే ఆపేస్తారు? నువ్వు కనిపెట్టేసినావు! నీ మందుతోనే నువ్వు పన్నెండు మైళ్లు వొచ్చి బతికినావు!" అది నమ్మలేదు. బలరాం బిడ్డను తెచ్చి చూపించాడు. పక్కింటి పిల్లను చూసినట్టు చిన్నగా నవ్వింది. "ముద్దుగా ఉంది. ఎవరి పాప?" అంది. బలరాం గోడవైపు తిరిగిపోయాడు. చెబుతూనే ఉన్నాను కదా, ఈ మందు ఊరికే రాదు.

మధ్యాహ్నం అన్నం వేళకు, కాంచన కళ్లు మూసుకుని మగతగా ఉంది. ఉయ్యాల్లో బిడ్డ ఏడుపు అందుకుంది. కాంచన కళ్లు తెరవకుండానే, విసుగ్గా అంది.

"సింగారికి ఆకలేస్తంది, ఎవులన్నా సూడండర్రా."

నా చేతిలో గ్లాసు కిందపడింది. ఆసుపత్రికి వచ్చాక ఆ పేరు ఎవరమూ పలకలేదు. కాగితం మీద కూడా 'పాప' అనే రాశారు.

"ఏ పేరన్నావు?"

అది కళ్లు తెరిచింది. దానికీ తెలియదు ఎందుకన్నదో. నుదురు ముడుచుకుని ఆలోచించింది. "సోంబ్రా తాతకి మోకాలికి దెబ్బ తగిలిందా? నువ్వు ముసిలోడా అని తిట్టినావు కదా?" అంది. చేతులు చాచి బిడ్డను తీసుకుంది. ఈసారి పక్కింటి పిల్లను చూసినట్టు చూడలేదు.

సాయంత్రానికి అసలు కాంచన తిరిగొచ్చింది. "పుస్తకం ఇయ్యి," అంది. తన రాతే, తనే చదవడం మొదటిసారి. పేజీ తర్వాత పేజీ తిప్పింది. "అమ్మా, ఇది నేను రాసినానా? బాగుందే!" అంది. దాని కళ్లలో మెరుపు చూడాలి! ఏడో దగ్గర ఆగింది. కొట్టివేత చూసింది, 'అనవసరం' చూసింది. నా వైపు చూసింది.

"నీకు శానా కోపం వొచ్చుంటాది."

"రెండు రోజులు మాటాడనేదు," అన్నాను.

కలం అడిగి తీసుకుని కింద మళ్లీ రాసింది. 'నిద్రలో చెవి మేలుకునే ఉంటుంది. మోసేవాళ్లు దారిపొడవునా మాట్లాడాలి. ఇది చెప్పినది వంతల దేవులమ్మ.' ఇప్పుడు ఏ కొండ ఊళ్లో డోలీమందు వాడినా ఆ ఏడో అంశం పాటించి తీరాలి. పాటించకుండా మోస్తే నేనే వెళ్లి దులిపేస్తాను.

తారకనాథ్ గారు ఆసుపత్రికి కోపంగానే వచ్చారు. "ఎవరి అనుమతితో వేశావు దేవులమ్మా?" అన్నారు. "సేసిన మనిసి అడిగింది సార్, కన్న మనిసి ఏసింది. ఇంకెవులి సంతకం కావాల?" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు.

పోయిన ఏడాది మాత్రం కాంచనకు తిరిగి రాలేదు. రాదు. దారిలో విన్న ముక్కలే ఉన్నాయి, అవీ నా గొంతులో, నా తిట్లతో సహా. కడుపులో బిడ్డ మొదట కదిలింది ఎప్పుడో దానికి తెలియదు, అది నాకూ చెప్పలేదు కనుక నేనూ చెప్పలేకపోయాను. ఆ సంగతి తలచుకున్నప్పుడు నా కూతురు సింగారిని ఒళ్లోకి లాక్కుంటుంది.

ఈ మార్గశిరంలో మళ్లీ కొండెక్కాం. సోంబ్రా మావ కుంటుతూ కాఫీతోటల దాకా వచ్చి, అక్కడ కూర్చున్నాడు. కాంచన సింగారిని చంకనెత్తుకుని, మా అమ్మ చూపించిన ఆ పాత మొక్క దగ్గరికే పోయి మోకాళ్ల మీద కూర్చుంది. నేను రాయి పట్టుకుని నిలబడ్డాను. అది ఒంగి, ఎండిన కాడ దగ్గర మూతి పెట్టి, పెద్దగానే చెప్పింది.

"పోయిన ఏడు నాకు కూతురు పుట్టినాది. పేరు సింగారి. అప్పుడు నేనక్కడే ఉన్నానట. మా అమ్మ సెప్పింది."

లేచి పక్కకు జరిగింది. నేను రాయి పెట్టాను.